పేరు మీదే, కారు మాత్రం వేరొకరిది.. రేషన్ కార్డుల ఏరివేతలో అల్గారిదమ్ ఎక్కడ పొరబడింది?

రేషన్ షాపుకి వెళ్తారు. మిషన్ మీద వేలు పెడతారు. డీలర్ స్క్రీన్ వైపు చూసి 'మీ కార్డు రద్దయింది' అంటాడు. ఎందుకని అడిగితే ఆయనకు తెలియదు. తహసీల్దార్ ఆఫీసులో అడిగితే 'పైనుంచే తీసేశారు' అంటారు. ఆ 'పైన' ఉన్నది అధికారి కాకపోవచ్చు, ఒక సాఫ్ట్‌వేర్ కావచ్చు.

తెలంగాణలో లక్షల కుటుంబాల విషయంలో ఇదే జరిగింది. 2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18.6 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయని 2024 జనవరిలో అల్ జజీరా, రిపోర్టర్స్ కలెక్టివ్ కలిసి ప్రచురించిన పరిశోధన కథనం చెప్పింది. ఈ ఏరివేతలో 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ పాత్ర గురించీ అది వివరంగా రాసింది.

అసలేమిటీ సమగ్ర వేదిక?

ప్రభుత్వం దగ్గర మన గురించి చాలా వివరాలుంటాయి. కాకపోతే అన్నీ ఒక్కచోట ఉండవు. వాహనం రవాణా శాఖలో, ఇల్లు మున్సిపాలిటీలో, కరెంటు మీటరు డిస్కం దగ్గర, భూమి రెవెన్యూలో. ఈ రికార్డులన్నీ కలిపి 'ఈ కుటుంబానికి ఇవి ఉన్నాయి' అని చూపించేదే సమగ్ర వేదిక. కారు ఉన్నట్టు తేలితే పేదల జాబితా నుంచి పేరు పోతుంది.

ఆలోచనగా చూస్తే తప్పేం లేదు. ఆస్తిపాస్తులున్న వాళ్లు తెల్లకార్డుతో బియ్యం తీసుకుని అమ్ముకోవడం మనం చూడనిది కాదు. ఇంటింటికీ తిరిగి లెక్క తీయడానికి సిబ్బంది చాలరు. సర్వే చేసినా జనం నిజం చెబుతారన్న నమ్మకం లేదు. అలాంటప్పుడు ఉన్న రికార్డుల నుంచే ఎవరి స్థితి ఏమిటో అంచనా వేయడం ప్రపంచమంతా డేటా సైన్స్‌తో చేస్తున్న పనే.

చిక్కంతా 'కలపడం' దగ్గర

రవాణా శాఖ రికార్డులో ఉన్న మనిషి, రేషన్ కార్డులో ఉన్న మనిషి ఒకరేనని మిషన్‌కి ఎలా తెలుస్తుంది? పేరు, తండ్రి పేరు, చిరునామా లాంటివి పోల్చి, ఎంత దగ్గరగా ఉన్నాయో ఒక స్కోరు వేస్తుంది. స్కోరు ఒక గీత దాటితే ఇద్దరూ ఒక్కరే అని తేలుస్తుంది.

మన పేర్ల సంగతి ఆలోచించండి. తెలుగులో 'లక్ష్మి' ఒక్కటే. ఇంగ్లిష్ అక్షరాల్లో కెళ్తే మూడు నాలుగు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట ఒక్క అక్షరమే. 'మహమ్మద్' ఒక కార్డులో పూర్తిగా, మరోదాంట్లో రెండక్షరాలుగా కుదించి ఉంటుంది. (ఇది రాస్తున్న నా పేరే పదో తరగతి మెమోలో ఒక రకంగా, పాన్ కార్డులో ఇంకో రకంగా ఉంది.) అందుకే మిషన్ కొంచెం చూసీచూడనట్టు పోల్చాలి, లేకపోతే ఎవరూ దొరకరు. చూసీచూడనట్టు పోలిస్తే వేరే మనిషి దొరుకుతాడు. పై కథనంలో ఉన్నది అలాంటి కేసే. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయనను, దగ్గరి పేరున్న కారు యజమానితో వ్యవస్థ కలిపేసింది. ఆ కుటుంబానికి బియ్యం ఆగిపోయాయి.

98 శాతం కచ్చితత్వం అంటే సరిపోదా?

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే. ఒక ఊళ్లో లక్ష కార్డులున్నాయి. వాటిలో నిజంగా కారున్న కుటుంబాలు 5,000. మన సాఫ్ట్‌వేర్ కారున్నవాళ్లలో 98 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 98 శాతం మందిని సరిగ్గా వదిలేస్తుంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంది.

కారున్న 5,000లో 4,900 మంది దొరుకుతారు. కారు లేని 95,000లో 2 శాతం, అంటే 1,900 కుటుంబాలు కూడా దొరికిపోతాయి. మొత్తం 6,800 కార్డులు పోతే అందులో 1,900 అన్యాయంగా పోయినవే. నాలుగింట ఒకటికి పైనే. వెతికేది అరుదైనదైతే ఎంత మంచి మోడల్ అయినా ఇలాగే చిక్కుకుంటుంది. 98 శాతం అని స్లైడులో చూపించేటప్పుడు ఈ రెండో లెక్క ఎవరూ చూపించరు.

అలాగని మోడల్ పనికిరాదని కాదు. 6,800 ఇళ్లకు మనిషిని పంపి చూసొస్తే, లక్ష ఇళ్లు తిరిగే పని తప్పినట్టే. ఆ మోడల్ ఇచ్చేది అనుమానితుల జాబితా. దాన్నే తీర్పుగా తీసుకుని ముందు కార్డు తీసేసి, తర్వాత 'నువ్వు పేదవాడివని నిరూపించుకో' అనడం దగ్గరే అసలు తప్పు జరిగింది.

కోర్టు ఏమంది?

రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తెలంగాణ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ తర్వాత వచ్చిన దరఖాస్తులు 4,91,899. ఆ ఏడాది జులై నాటికి 2,05,734 పరిశీలిస్తే 15,471 కుటుంబాలు అర్హులేనని తేలినట్టు అదే పరిశోధన కథనం పేర్కొంది. అంటే 7.5 శాతం. తక్కువే కదా అనిపించొచ్చు. కానీ ఇవి మళ్లీ దరఖాస్తు చేసుకోగలిగిన వాళ్ల లెక్కలు మాత్రమే. ఊరు మారినవాళ్లు, కార్డు మీద ఆశ వదిలేసుకున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు.

ఆంధ్రప్రదేశ్‌లో పద్ధతి వేరు. అక్కడ పథకాలకు 'ఆరు అంచెల పరిశీలన' పెట్టారు. నెలకు సగటున 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం, నాలుగు చక్రాల వాహనం, ఆదాయపు పన్ను లాంటివి అందులో ఉన్నాయి. ఇది మెషిన్ లెర్నింగ్ కాదు, సూటి వడపోత. అయినా అద్దె ఇంటి మీటరు ఎవరి ఆధార్‌కి తగులుకుందో తెలియక సచివాలయాల చుట్టూ తిరిగినవాళ్లు ఎందరో.

ఇదే డేటాను తిప్పి వాడితే?

ఆఫ్రికాలోని టోగో 2020లో కోవిడ్ సమయంలో 'నొవిస్సి' పేరుతో పేదలకు మొబైల్‌లోనే డబ్బు పంపింది. ఎవరు పేదలో చెప్పే జాబితా ఆ దేశానికి లేదు. ఫోన్ వాడకం తీరు చూసి మెషిన్ లెర్నింగ్‌తో అంచనా వేశారు. ప్రాంతాన్ని బట్టి ఇచ్చే పద్ధతులతో పోలిస్తే అర్హులు మిగిలిపోవడం 4 నుంచి 21 శాతం తగ్గిందని 2022లో 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. పూర్తి సామాజిక జాబితా ఉంటే మాత్రం ఈ పద్ధతి దానికంటే వెనకబడేదని కూడా అదే అధ్యయనం ఒప్పుకుంది. అక్కడ యంత్రం వెతికింది కొత్తగా ఎవరికివ్వాలా అని. మన దగ్గర ఎవరిని తీసేయాలా అని వెతికింది. కారు లేని, భూమి లేని, కార్డు కూడా లేని ఇళ్లెన్నో వెతకడానికి కూడా రికార్డులు అవే సరిపోతాయి.

మీ కార్డు పోతే ఏం చేయాలి?

తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. కాబట్టి కార్డు పోతే నష్టం మునుపటికంటే ఎక్కువే.

మొదట కారణం నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడగండి. ఒక నిర్ణయం వల్ల ప్రభావితమైనవారికి దాని కారణాలు చెప్పాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) అంటోంది. 'కారు ఉంది' అంటే ఆ కారు నంబరు అడగండి. నంబరు తెలిస్తే అది మీది కాదని రవాణా శాఖ ద్వారా చూపించవచ్చు. నంబరు లేకుండా వాదించడం కష్టం. జాతీయ ఆహార భద్రత చట్టం కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, ఆపైన రాష్ట్ర ఆహార కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో ఇచ్చినా సరే, రసీదు మాత్రం తీసుకోండి. తేదీ, ముద్ర పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి.