పనికి తగిన పనిముట్టు

గొప్ప పనికి గొప్ప పనిముట్టే కావలెనని లోకమున ఒక నమ్మకము కలదు. చలనచిత్రముల విషయమున ఈ నమ్మకము మరింత బలమైనది. వెండితెరపై వింతలు చూచినవారు, వాటి వెనుక విలువైన మహాయంత్రములు ఉండియే తీరవలెనని తలంతురు. ఆ కళ ధనవంతులకే చెందినదని నిరాశ పడుదురు. ఇది సరి కాదు. ఫోటోలు తీయువాని మెడలో వ్రేలాడు కెమెరాయే కొన్ని వింతలను సృష్టించినది.

చలనచిత్రమున నిజమైన చలనము లేదు. సెకనుకు 24 నిశ్చలచిత్రములు వరుసగా మారుచుండగా చూపరి కంటికి కదలిక ఉన్నట్లు తోచును. కావున ఒక బొమ్మను నిలిపి ఫోటో తీసి, దాని చేతిని వెంట్రుకవాసి జరిపి మరల ఫోటో తీసి, ఇట్లే చేయుచు పోయినచో, తెరపై ఆ బొమ్మ తనంత తానే చేయి ఎత్తును. దీనిని స్టాప్ మోషన్ అందురు. 1933లో వెలువడిన 'కింగ్ కాంగ్' చిత్రమున మహావానరము నడచినది ఈ విధముగనే. అయితే నాడు వాడినది సినిమా కెమెరా.

1984లో 'ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్' అను అమెరికా చిత్రము వచ్చెను. అందు గని సొరంగములో బండ్లు పట్టాలపై పరుగులెత్తు ఘట్టము కలదు. అందలి అనేక దృశ్యములను డెన్నిస్ మ్యూరెన్ బృందము చిన్న నమూనా సొరంగములలో, చిన్న బొమ్మలతో చిత్రించెను. అట్టి పనికి వాడు విస్టావిజన్ కెమెరా చాల పెద్దది. అది పట్టవలెనన్న సొరంగములను పెద్దవిగా కట్టవలెను, వ్యయమును పెరుగును. అందుచే వారు నికాన్ ఎఫ్ 3 అను ఫోటో కెమెరాను తీసికొని, ఎక్కువ ఫిల్ము పట్టునట్లు మార్చి వాడిరి. రెండు కెమెరాలలోను ఫిల్ముపై పడు బొమ్మ పరిమాణము ఇంచుమించు ఒక్కటే. సొరంగమును కెమెరాకు తగినట్లు పెంచుటకు బదులు, సొరంగమునకు తగిన కెమెరాను ఎన్నుకొనుటయే వారి వివేకము. 1985లో ఆ చిత్రమునకు దృశ్యవిశేషములకై ఆస్కార్ బహుమానము లభించెను. 2005లో వచ్చిన 'కార్ప్స్ బ్రైడ్' అను బొమ్మల చిత్రమును డిజిటల్ ఫోటో కెమెరాలతోనే తీసిరి.

ఫోటో కెమెరాకు లోపములు లేవా? కలవు. పరుగెత్తు గుఱ్ఱమును, మాటలాడు నటుని ఈ పద్ధతిలో చిత్రించుట సాధ్యము కాదు. ఫోటో తీసిన ప్రతిసారియు కటకపు రంధ్రము మూసికొనుటలో రవంత తేడా వచ్చినను తెరపై వెలుగు మినుకుమినుకుమనును. అందుచే నేర్పరులు ఆ రంధ్రమును చేతితో బిగించి ఉంచదగిన కటకములను వాడుదురు. లోపము నెరిగి వాడువానికి పనిముట్టు లొంగును. ఎరుగనివానికి ఎంత విలువైనదియు లొంగదు.

ఈ విద్యకు అసలు మూలధనము ఓర్పు. సెకనుకు 24 చొప్పున ఒక్క నిమిషమునకు 1,440 చిత్రములు కావలెను. నడుమ బల్లకు చేయి తగిలినచో అంతవరకు పడిన శ్రమ చెడవచ్చును. మన దేశమున దాదాసాహెబ్ ఫాల్కే 1912లో కుండీలోని బఠాణీ విత్తు మొలకెత్తి పెరుగుటను కొద్దికొద్దిగా చిత్రించి, ఆ చిన్న చిత్రమును చూపి ధనసహాయము పొందెను. 1913లో ఆయన 'రాజా హరిశ్చంద్ర' వెలువడెను. ఆయనకు ధనముకంటె ముందు ఓర్పు ఉన్నది.

నేడు అనేక గృహములలో చేతి ఫోనునందే కెమెరా ఉన్నది. గొప్ప యంత్రము లభించిన పిమ్మట కళ నేర్తునని కాలము గడుపువాడు కాలమునే కోల్పోవును. ఒక సుద్దముక్కను బల్లపై నడిపింప నేర్చినవాడు రేపు మహావానరమునైనను నడిపింపగలడు. పనిముట్టు గొప్పతనము దాని వెలలో లేదు; పనికి తగియుండుటలోను, పట్టిన చేతి ఓర్పులోను ఉన్నది.