గిద్దలూరు జిల్లా మారితే కోడ్‌లో ఏం మారాలి?

గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు 1970 ఫిబ్రవరి 2 దాకా కర్నూలు జిల్లావి. ఆ రోజున కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిశాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పొలాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఇక్కడి భూముల రికార్డును ప్రోగ్రాంలో పెట్టాలంటే జిల్లాలో మండలం, మండలంలో గ్రామం, అందులో సర్వే నంబరు, ఆ కింద సబ్‌డివిజన్, చివరికి పట్టాదారు పేరు రావాలి.

హాస్కెల్ లాంటి ఫంక్షనల్ భాషల్లో ఉన్న విలువను చెరిపి రాయరు, మార్పుతో కొత్త విలువ తయారుచేస్తారు. పాతది చెక్కుచెదరదు. రెవెన్యూ లెక్కలకు ఇంతకన్నా ఏం కావాలి? చిక్కల్లా ఒక్కటే: అట్టడుగున పట్టాదారు పేరు మారిస్తే పైనున్న ప్రతి అంతస్తునూ విప్పి తిరిగి కట్టాలి. (మారని భాగాలను పాత, కొత్త విలువలు పంచుకుంటాయి కనుక మెమరీకి పెద్ద బెంగ లేదు, శ్రమంతా రాసేవాడిదే.)

ఆప్టిక్స్ అనే పనిముట్లు ఆ శ్రమను తీసేస్తాయి. వాటిలో ఒకటైన లెన్స్ అంటే ఒక భాగాన్ని చదివే పనినీ, దాన్ని మార్చి కొత్త మొత్తాన్ని ఇచ్చే పనినీ జోడించిన విలువ. చిన్న లెన్స్‌లను వరుసగా కలిపితే లోతైన దారి తయారవుతుంది. భూమి పట్టాదా, ప్రభుత్వానిదా అన్న చోట ప్రిజం, గ్రామంలోని సర్వే నంబర్లన్నిటినీ ఒకేసారి మార్చాలంటే ట్రావర్సల్. 1985 లాంటి మార్పు వచ్చినా, దారిని ఒకేచోట పేరుపెట్టి రాసుకుంటే చాలావరకు అక్కడే దిద్దవచ్చు. దారి రకమే మారితే పొరపాటు ఎక్కడుందో కంపైలర్ చూపిస్తుంది. క్లోజర్ భాషలోని అప్‌డేట్-ఇన్ ఫంక్షన్ కూడా దారి పట్టుకునే వెళుతుంది గానీ, ఆ కాపలా దానికి లేదు.

అభ్యంతరాలూ చిన్నవి కావు. ఎడ్వర్డ్ కెమెట్ 2012లో హాస్కెల్‌కు తెచ్చిన లెన్స్ లైబ్రరీలో గుర్తుల ఆపరేటర్లు కొల్లలు. ఒక్కటి తప్పితే వచ్చే ఎర్రర్ మెసేజ్ కొత్తవాడిని బెదరగొడుతుంది. ఆ మెసేజ్‌లను సరళం చేయడం కూడా ఒక లక్ష్యంగా 2019లో వెల్-టైప్డ్ సంస్థ ఆప్టిక్స్ అనే వేరే లైబ్రరీని తెచ్చింది.

నాకు బలంగా తోచే అభ్యంతరం మరొకటి. ప్రతి గ్రామం రికార్డులో జిల్లా పేరును నకలుగా ఉంచామనుకోండి. ట్రావర్సల్‌తో ఒక్క వరసలో కర్నూలును ఒంగోలు చేసేయవచ్చు. ఆ సుఖంలో, పేరు అన్నిచోట్ల ఎందుకుంది అని అడగడం మానేస్తాం. నిజానికి 1970లో జరిగింది పేరు మార్పు కాదు. తాలూకా మొత్తం ఒక జిల్లా కింద నుంచి తీసి ఇంకో జిల్లా కింద పెట్టడం. పెట్టింది తిరిగి చదివితే అదే రావాలి, చదివింది అలాగే పెడితే ఏమీ మారకూడదు అంటాయి లెన్స్ నియమాలు. గిద్దలూరు ఒకేసారి రెండు జిల్లాల్లో ఉండకూడదన్న సంగతి వాటికి పట్టదు. అది ప్రోగ్రామరే చూసుకోవాలి.

అందుకే నా తీర్పు: ఒకే లోతైన దారిని చాలాచోట్ల వాడే ప్రోగ్రాంలో ఆప్టిక్స్ తప్పక పెట్టుకోండి, గుర్తులు వదిలి మాటలతో ఉన్న ఫంక్షన్లే వాడండి. రెండు అంతస్తుల రికార్డుకు మామూలు కోడే చాలు. ఐదు అంతస్తులు దాటితే మాత్రం లైబ్రరీ వెతికే ముందు డేటా అమరికను ఒకసారి విప్పి చూడండి.