గోడ ఉంది... గీత లేదట!

పాతబస్తీలో నాలుగు మూలలూ సరిగ్గా కుదిరే ఇంటి స్థలం అరుదు. అన్నదమ్ములు పంచుకోగా పంచుకోగా మిగిలిన వంకర ముక్కలే ఎక్కువ. అలాంటిచోట ప్లాన్ గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఒకప్పుడు కంప్యూటర్లో గోడల్నీ హద్దుల్నీ తనకు తోచిన పేరుతో దాచుకునేవాడు. ప్రింటు తీశాక పేరెవరడుగుతారు! అధికారి కంటితో చూసేవాడు.

2016లో జీహెచ్ఎంసీ అనుమతుల్ని ఆన్‌లైన్ చేసి, ప్లాన్ల పరిశీలనను సాఫ్ట్‌వేర్‌కి అప్పగించింది. దానికి కళ్లెక్కడివి? లేయర్ పేరే గుర్తు. లేయరంటే ఒకదానిమీద ఒకటి పరిచిన ట్రేసింగ్ కాగితం లాంటిదే. స్థలం హద్దు ఒకదాంట్లో, రోడ్డు ఇంకోదాంట్లో, కట్టడం వేరేదాంట్లో... అదీ నిర్ణయించిన పేర్లతోనే ఉండాలి. హద్దు గీత కొసలు కలవకపోతే విస్తీర్ణం తేలదు. గోడ గీత పొరపాటున పక్క లేయర్లో పడిందా, ఆ గోడ లేనట్టే! ప్లాన్ వెనక్కి. ఇంటాయనేమో అప్పటికే మేస్త్రీకి అడ్వాన్సిచ్చి కూర్చుంటాడు.

75 గజాల్లోపు చిన్న ఇళ్లకు అనుమతే అక్కర్లేదని, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలని 2020లో టీఎస్-బీపాస్ వెసులుబాటిచ్చింది. మిగతావాళ్ల కోసం అనుభవమున్న డ్రాఫ్ట్స్‌మన్ పేర్లన్నీ ముందే పెట్టిన ఖాళీ ఫైలొకటి దగ్గరుంచుకుంటాడు. కొత్తగా చేరిన కుర్రాడి చేతికి మొదట ఇచ్చేది దాన్నే.