పావు వంతు సంకల్పం చాలు

ఉగాది నాడు పంచాంగ శ్రవణం ముగియగానే చాలా ఇండ్లలో ఆరోగ్య ప్రతిజ్ఞలు వినబడతాయి. "రేపటి నుండి అన్నం ముట్టను" అని ఒకరు, "కాఫీ మానివేస్తాను" అని ఒకరు, "రోజూ పుష్కర ఘాట్ నుండి ధవళేశ్వరం దాకా నడుస్తాను" అని మరొకరు. శ్రీరామనవమి పానకం తాగే నాటికే వీటిలో సగం మరుగున పడతాయి. దీనిని ఆరంభశూరత్వమని వెక్కిరించి, ఆ మనిషికి పట్టుదల లేదని తేల్చివేయడం మనకు అలవాటు. నా అభిప్రాయం వేరు. లోపం మనిషి పట్టుదలలో లేదు, సంకల్పం యొక్క కొలతలో ఉన్నది.

మన శాస్త్రం ఈ కొలతను ఏనాడో చెప్పినది. చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో పాదాంశిక క్రమమని ఒక పద్ధతి ఉన్నది. పాదమనగా నాలుగవ వంతు. అలవాటైన అహితాన్ని ఒక్కసారిగా విడువరాదు. అందులో ఒక పాదం తగ్గించి, ఆ ఖాళీలో హితమైన దానిని ఒక పాదం చేర్చవలెను. నడుమ ఎడమిస్తూ, ఆ ఎడమును పెంచుకొంటూ, మిగిలిన పాదములను మార్చవలెను. వాగ్భటాచార్యుడు అష్టాంగ హృదయంలో ఇంకా దయ చూపి, పాదంలో పాదం, అనగా పదహారవ వంతు చొప్పున విడిచినా సరేననినాడు. చెడ్డదే అయినా చిరకాలం అలవాటైనది శరీరానికి సాత్మ్యమై ఉంటుంది. దానిని హఠాత్తుగా లాగివేస్తే కొత్త వికారములు పుడతాయి. క్రమంగా పోయిన దోషం మరల రాదు, క్రమంగా వచ్చిన గుణం చలించదు అని ఆచార్యుల అభిప్రాయం.

కోనసీమ నుండి చక్కెర వ్యాధితో నా వద్దకు వచ్చే ఒక కొబ్బరి రైతు ఉన్నారు. ఒక ఏడు ఆయన అన్నం పూర్తిగా మానివేసినారు. తొమ్మిదవ నాడు బంధువుల పెండ్లిలో, మానిన దానికి వడ్డీతో సహా తిన్నారు. ఆపైన "నా వల్ల కాదండీ" అని పథ్యమే వదలివేసినారు. రాత్రి అన్నంలో పావు వంతు మాత్రం తీసివేసి, ఆ జాగాలో బీరకాయ కూరో, ఆనపకాయ పప్పో వేసుకొనమన్నాను. మూడు వారములు గడచిన తరువాతనే రెండవ పాదం. శాస్త్రం దినములలో చెప్పిన ఎడమును నేను వారములలో చెబుతాను, ఇది నా అనుభవం. ఆయన నాలుగవ పాదానికి నేటికీ చేరలేదు. రెండవ పాదం వద్దనే నిలిచినారు. కాని అక్కడ నుండి వెనుకకు జారలేదు. తొమ్మిది దినముల సంపూర్ణ విజయం కంటె ఈ సగం విజయమే నాకు గొప్పగా తోచుచున్నది.

వ్యాయామానికీ ఇదే న్యాయం. ఉన్న బలంలో సగం మాత్రమే వెచ్చించవలెనని, దానికి అర్ధశక్తియని శాస్త్రం పేరు పెట్టినది. నుదుట, ముక్కున, చంకలలో చెమట పట్టి, నోరు ఎండి, నోటితో గాలి పీల్చవలసి వచ్చినదంటే అదే హద్దు. ఈ హద్దు కూడా చలికాలానికి, వసంతానికి చెప్పినది. రాజమహేంద్రవరం ఎండలలో ఇంకా తగ్గించవలెను. పక్కింటివారు నాలుగు మైళ్ళు నడిచినారని మనమూ నడువనక్కరలేదు. మన హద్దు మన నుదుటి మీదనే కనబడుతుంది.

"చిన్న లక్ష్యం చేతగానివారి మాట" అని కొందరంటారు. మన కంచంలోని అన్నమే దానికి జవాబు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ధవళేశ్వరం ఆనకట్ట వరద గోదావరిని ఆపడానికి కట్టినది కాదు. వరద పైనుండి పొర్లిపోయే తక్కువ ఎత్తు గోడ అది. కాలువలలోనికి నీరు ఎక్కేటంత మాత్రం మట్టం పెంచితే చాలుననుకొన్నారు. అదైనా ఒకే గోడ కాదు. నడుమనున్న లంకలను ఆసరా చేసుకొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగములుగా కట్టినారు. నేడు దాని స్థానంలో బ్యారేజీ ఉన్నది. కాని ఈ డెల్టాను అన్నపూర్ణగా మార్చినది ఆ మితమైన కోరికయే. ఉట్టికి ఎగురలేనమ్మ స్వర్గానికి ఎగిరినదన్న సామెత మనదే కదా!

ఒక హెచ్చరిక. ఈ పావు లెక్క ఆహార విహారములకే గాని మందులకు కాదు. చక్కెర వ్యాధికి, రక్తపోటుకు వాడే మాత్రలను సొంతంగా తగ్గించరాదు. చూచే వైద్యుడే తగ్గించవలెను. ఆయన వెంటనే మానవలెనని చెప్పిన దానిని "పాదం చొప్పున మానుతాను" అని సాగదీయడం శాస్త్రం పేరిట మోసం.

కనుక గృహస్థులు ఒక్క అలవాటునే ఎంచుకొనండి. నాలుగు కాఫీలు తాగేవారు మూడు తాగి, నాలుగవ వేళకు పలుచని మజ్జిగ పుచ్చుకొనండి. బరువు ఎంత తగ్గినదని రోజూ తూచుకొనవద్దు. అనుకొన్న పని నేడు చేసితిమా లేదా అన్నది మాత్రం గోడ మీది క్యాలెండరులో గీత పెట్టుకొనండి. పండుగ నాడు తప్పితే మరునాడు ఆ పాదం నుండే మరల మొదలుపెట్టండి. మొదటి పాదం నిలిచిన ఇంట రెండవ పాదానికి ప్రతిజ్ఞ అక్కరలేదు.