నిధి దొరికినవాడు కూడా దాచాడు కదా, అయ్యగారూ!



పోయిన నెల ఒక పని మీద హైదరాబాదు వెళ్లాను. కాచిగూడ స్టేషనులో దిగి, పని చూసుకుని, అశోక్‌నగర్‌లో ఉంటున్న మన సంఘపు కుర్రాడిని చూద్దామని బయలుదేరాను. పేరు చెప్పను. ఆదివారం పాటలకు తబలా వాయించినవాడే, మీరందరూ ఎరుగుదురు. గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలో, రాత్రి గదిలో. ఒక గదిలో నలుగురు, నాలుగు మంచాలు, గోడ పొడుగునా తెలుగు అకాడమీ పుస్తకాలు.

నాకోసం కర్రీ పాయింటు నుంచి కూర తెచ్చాడు. అన్నం ముందు కూర్చుని, "ప్రార్థన చేసుకుందాం నాయనా" అన్నాను. వాడు తలుపు వైపు చూశాడు. "కొంచెం మెల్లగా, అయ్యగారూ" అన్నాడు.

గదిలో మిగతా ముగ్గురికీ వాడు క్రైస్తవుడని తెలియదట. బైబిలు సూట్‌కేసులో బట్టల కింద ఉంది. ఎందుకు నాయనా అంటే దాచకుండా చెప్పాడు. ఎస్సీ సర్టిఫికెట్టు మీద దరఖాస్తు పెట్టాడు. ఎవరైనా పితూరీ పెడితే ఉద్యోగం పోతుందని భయం. నేను ఏదో అనబోయేలోగా, "పొలంలో ధనం దొరికినవాడు కూడా దాన్ని దాచిపెట్టాడు కదా, అయ్యగారూ! మీరే చెప్పారు" అన్నాడు.

మత్తయి సువార్త 13వ అధ్యాయం, 44వ వచనం. నిజమే, దాచాడనే ఉంది. ఇరవై ఏళ్లుగా ఆ ఉపమానం మీద ప్రసంగిస్తున్నాను గాని ఆ మాట దగ్గర నేనెప్పుడూ ఆగలేదు. జవాబు తోచక అన్నం తిని లేచాను.

తిరిగి కాచిగూడకు నడుస్తుంటే దారిలో నారాయణగూడ క్రైస్తవ సమాధుల స్థలం వచ్చింది. భక్తసింగ్ గారిని సమాధి చేసింది అక్కడే. మీలో పెద్దవాళ్లు ఆయన ప్రసంగం విని ఉంటారు. అశోక్‌నగర్‌కు దగ్గర్లోనే, గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోనులో ఉండేవారు. 2000 సెప్టెంబరు 17న ప్రభువు నొద్దకు చేరారు. పరిశుద్ధ కూటములకు వేలమంది వచ్చి, పందిళ్ల కింద కులం అడగకుండా ఒకే బంతిలో కూర్చుని తినేవారు. పలకల మీద వాక్యాలు రాసి పట్టుకుని వీధుల వెంట సువార్త ఊరేగింపుగా వెళ్లేవారు.

నాకు ఆ రోజు గుర్తొచ్చింది మాత్రం అంతకు చాలా ముందు సంగతి. ఆయన 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. బడిలో ఎవరో బైబిలు ఇస్తే అట్ట బాగుందని అట్ట ఉంచుకుని కాగితాలు చించేసిన మనిషి. ఇంజనీరింగు చదవడానికి ఇంగ్లండు, అక్కడి నుంచి కెనడా వెళ్లారు. 1929లో కొత్త నిబంధన చదువుతూ ప్రభువును ఎరిగారు. 1932లో వాంకూవరులో బాప్తిస్మము పొందారు. 1933లో బొంబాయి చేరినప్పుడు తలిదండ్రులు కలవడానికి వచ్చారు. వారు అడిగింది పెద్ద కోరిక కాదు. నీ నమ్మకం నువ్వు ఉంచుకో, పరువు కోసం బయటికి మాత్రం చెప్పకు అన్నారు. ఆయన అది నావల్ల కాదన్నారు. వారు ఆయనను అక్కడే విడిచి వెళ్లిపోయారు. ఆ బొంబాయి వీధుల్లోనే ఆయన సువార్త చెప్పడం మొదలుపెట్టారు.

నమ్మకం మానేయమని ఎవరూ అనలేదు, గమనించండి. సూట్‌కేసులో బట్టల కింద పెట్టుకోమన్నారు, అంతే.

అయితే మన కుర్రాడి కష్టం వేరు, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హక్కు ఇచ్చారు, మనకు లేదు. మన రాష్ట్రాల్లో మనల్ని బీసీ-సీలో పెట్టారు. అక్కడ ఒక శాతం, ఇక్కడ పదిహేను శాతం. బాప్తిస్మము తీసుకున్నంత మాత్రాన ఊళ్లో మన పేటను చూసే చూపు మారిందా? మారలేదు. ఇది అన్యాయమని నేను ఎక్కడైనా చెబుతాను. మార్చమని అడగాలి, ఆ పోరాటంలో సంఘం ముందుండాలి. కాని చట్టం మార్చమని అడగడం వేరు, కానిదాన్ని అవునని సంతకం పెట్టడం వేరు. పైగా కాపరులం మేమూ తక్కువ తినలేదు. బాప్తిస్మము ఇచ్చి రిజిస్టరులో పేరు రాయని వాళ్లం ఎంతమందిమి లేము!

ఆ కుర్రాడి ప్రశ్నకు జవాబు నాకు రైలులో తట్టింది. దాచాడు సరే, తరువాత ఏం చేశాడు? సంతోషంతో వెళ్లి తనకున్నదంతా అమ్మేశాడు. మన ఊళ్లో ఒక రైతు కాడి ఎడ్లను అమ్మి, బండి అమ్మి, భార్య మెడలో పుస్తెలతాడు కూడా అమ్మి, ఒక చెలక కొంటున్నాడనుకోండి. ఊరు ఊరుకుంటుందా? రచ్చబండ దగ్గర అదే మాట. ఏముందిరా ఆ చెలకలో అని ప్రతివాడూ అడుగుతాడు. ఆ అడిగినవాడికి చెప్పడమే సువార్త చెప్పడం. మనల్ని ఎవరూ అడగడం లేదంటే, మనం ఇంకా ఏమీ అమ్మలేదని నాకు అనిపిస్తుంది. మైకు పెట్టి చెప్పినా అప్పుడు వినేవాడు ఉండడు.

ఇలా ఆలోచిస్తూ మహబూబ్‌నగర్ దాటామో లేదో, ఎదుటి సీటులో పెద్దమనిషి, "మీరేం చేస్తుంటారు సార్?" అని అడిగాడు. "వ్యవసాయమండీ" అన్నాను. రెండెకరాలు ఉన్న మాట నిజమే. అబద్ధం చెప్పలేదు. కాని సంచిలో బైబిలు, పక్కన తెల్లచొక్కా మడత, నోట్లో వ్యవసాయం. ఆయన కిటికీలోంచి చూస్తూ వర్షాల సంగతి మాట్లాడాడు. నేను దిగేదాకా వర్షాల సంగతే మాట్లాడాను.

ఇంటికి వచ్చి ఆ రాత్రే కుర్రాడికి ఫోను చేసి ఇది చెప్పాను. ముందు నవ్వాడు. కాసేపు మాట్లాడలేదు. "మీకు సర్టిఫికెట్టు బాధ కూడా లేదు కదా, అయ్యగారూ" అన్నాడు. లేదు నాయనా అన్నాను.

పది రోజుల తరువాత వాడే ఫోను చేశాడు. అన్నం ముందు కళ్లు మూసుకుంటే పక్క మంచం కుర్రాడు "ఏంట్రా, నిద్రొస్తోందా?" అన్నాడట. చెప్పాడట. ఎంతవరకు చెప్పావంటే, "సగం చెప్పాను, అయ్యగారూ. అన్నం చల్లారిపోతోందన్నాడు" అన్నాడు.

సర్టిఫికెట్టు సంగతి ఇంకా తేలలేదు. వాడు బీసీ-సీకి మారితే సీటు దూరమై ఇంకో రెండేళ్లు చదవాల్సి రావచ్చు. ఆ గది అద్దె, మెస్సు ఖర్చు మన సంఘం భరించగలదా అని వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలతో కూర్చుంటున్నాము. రాగలిగినవారు రండి. దూరాన ఉన్నవారు ప్రార్థించండి.