పుట్టినోడు ఉన్నడు, పెరిగినోడు ఏడి?

ఫుట్‌బాల్ మనకు కొత్త ఆట కాదు. ఈ మాట చెప్తే ఇవాళ్టి కాలేజీ పిల్లలు నవ్వుతారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు, వాళ్లకు చెప్పినోళ్లే లేరు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడగొట్టి సెమీఫైనల్ దాకా పోయింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టును తయారుచేసిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. మన హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన మనిషి. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది కూడా ఆయన శిష్యులే. ఆ జట్టులో పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, తులసీదాస్ బలరాం ఈ జంట నగరాల గడ్డ మీది నుంచి పోయినోళ్లే. బలరాంది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ.

మరి ఇప్పుడు? దేశం జట్టు ఆడుతుంటే మనం టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొడుతున్నం. చప్పట్లు కొట్టుడే మన వాటా ఎందుకైంది? ఆలోచించాల్సిన ముచ్చట ఇది.

2023 జులైలో అమ్మకు కంటి ఆపరేషన్ అయితే సెలవు పెట్టి నిజామాబాద్ జిల్లాలోని మా ఊరికి పోయిన. 4వ తారీఖు రాత్రి బెంగళూరు కంఠీరవ స్టేడియంలో శాఫ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్. భారత్‌కు, కువైట్‌కు పోటీ. మా ఇంట్లో ఈ మ్యాచ్‌కు ఇంకో మతలబు ఉంది. బావ కువైట్‌లో డ్రైవర్. అక్క, ఆమె కొడుకు మా ఇంటికే వచ్చి ఉన్నరు. బాపు ఒకప్పుడు ఫ్యాక్టరీ కార్మికుల జట్టులో ఆడినోడు. మోకాలు నొప్పి పెట్టినా ఫుట్‌బాల్ అంటే మంచం దిగి కింద చాపమీద కూర్చుంటడు.

పద్నాలుగో నిమిషంలోనే కువైట్ గోల్ కొట్టింది. బాపు మాట్లాడలేదు. 38వ నిమిషంలో మిజోరం పిల్లగాడు ఛాంగ్టే గోల్ కొట్టి సమం చేసిండు. కండ్లకు పట్టీ ఉన్న అమ్మ "ఎవలు కొట్టిన్రు, మనోళ్లేనా?" అని ఒకటే అడుగుడు. అంతకు వారం ముందు ఇదే కువైట్‌తో గెలుస్తున్న మ్యాచ్‌ను ఆఖరి నిమిషాల్లో మనోళ్లే సొంత గోల్ వేసుకుని 1-1 చేసుకున్నరు. అది యాదికొచ్చి ఎవరికీ నిమ్మళం లేదు. తొంభై నిమిషాలు అయిపోయినయి. అదనపు సమయం అయిపోయింది. తేలలేదు. అన్నం గిన్నెల మీద మూతలు తీయలేదు.

పెనాల్టీల టైముకు బావ ఫోన్ చేసిండు. "ఈడ మా కఫీల్ ఇంట్ల అందరు టీవీ ముందటనే కూసున్నరు. మనం గెలిస్తె నేను బయటికి పోయి నవ్వాలె, ఓడితె లోపల్నే నవ్వాలె" అన్నడు. అక్క నవ్వుతనే కండ్లు తుడుచుకుంది. కువైట్ మొదటి షాట్ గోల్‌పోస్టు అడ్డకర్రకు తగిలి పోయింది. తర్వాత మన ఉదాంత బంతిని పైకి లేపిండు. అయిదేసి షాట్లు అయినంక నాలుగు నాలుగు. ఆరో షాట్ మణిపూర్ బిడ్డ మహేశ్ కొట్టిండు. కువైట్ కెప్టెన్ హజియా కొట్టిన దాన్ని గుర్‌ప్రీత్ దుమికి ఆపిండు. 5-4. తొమ్మిదోసారి కప్పు మనది. అల్లుడు అరిచిన అరుపుకు పక్కింటోళ్లు లేచి వచ్చిన్రు.

ఆ సంబురంలోనే తొమ్మిదో తరగతి చదివే అల్లుడు ఒక ప్రశ్న వేసిండు. "మామా, ఇండ్ల మన తెలంగాణోళ్లు ఎవరు?" నేను పేర్లు వెతుక్కుంటున్న. బాపు అందుకున్నడు. "కెప్టెన్ ఛెత్రీ సికింద్రాబాద్ల పుట్టిండు రా. వాళ్ల నాయిన మిలిటరీల పనిచేసేటోడు. పుట్టినోడు ఉన్నడు. ఈడ ఆడి పెరిగినోడు ఎవ్వడు లేడు."

ఈ ఒక్క మాటలో మన ఫుట్‌బాల్ చరిత్ర అంతా ఉంది.

దీనికి ఒక జవాబు రెడీగా ఉంటది. క్రికెట్ వచ్చి మింగిందంటరు. మరి కేరళలో క్రికెట్ లేదా? బెంగాల్‌లో లేదా? మిజోరం సంగతే చూడండి. 2011 జనగణన ప్రకారం ఆ రాష్ట్రం మొత్తం జనాభా దాదాపు 11 లక్షలు. అదే లెక్కల్లో మన ఉమ్మడి నిజామాబాద్ జిల్లా జనాభా 25 లక్షలు దాటింది. అంత చిన్న రాష్ట్రం 2012లో సొంత లీగ్ పెట్టుకుంది. 2014లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. 2017లో ఐజ్వాల్ క్లబ్బు ఐ-లీగ్ ఛాంపియన్ అయింది. ఒక్క జిల్లా అంత కూడా లేని జనం జాతీయ జట్టుకు ఆటగాళ్లను ఇస్తున్నరు. మన పిల్లల కాళ్లలో బలం లేదని ఎవరన్నా అనగలరా?

బలం ఉంది. లేనిది తొవ్వ. ఒకప్పుడు ఆ తొవ్వ మనకు ఉండె. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టుకూ కోచ్ రహీం సాబే. పోలీసు శాఖ ఆటగానికి కొలువు ఇచ్చింది, జీతం ఇచ్చింది, పొద్దుగాల ప్రాక్టీసుకు పంపింది. బాగా ఆడితే ఇంటికి బువ్వ దొరుకుతదన్న భరోసా ఉన్నప్పుడే పేదింటి తల్లి కొడుకును మైదానానికి పంపుతది. 1956-57, 1957-58 రెండేండ్లు వరుసగా సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ పేరు మీదనే వచ్చింది. ఆ కప్పుల వెనక కొలువులున్నయి, బస్తీ బస్తీకి మైదానాలున్నయి.

కొలువులు పోయినయి, మైదానాలు పోయినయి. మా బాపు ఆడిన ఫ్యాక్టరీ మూతపడ్డది. కార్మికుల జట్టు చెదిరిపోయింది. గోల్‌పోస్టులు ఎవరో పీక్కపోయిన్రు, గ్రౌండ్ నిండ సర్కారు తుమ్మలు మొలిచినయి. మా అల్లుని బడిలో ఆటల పీరియడ్‌కు లెక్కల సారు వస్తడు.

ఇంక క్లబ్బుల సంగతి. 2019లో పుణె క్లబ్బు జాగాలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో పెనాల్టీల మీద కేరళను కొట్టి ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. 2025లో దాన్ని ఢిల్లీకి ఎత్తుకపోయి పేరు మార్చిన్రు. ఒక ఊరు నుంచి వచ్చింది, ఇంకో ఊరికి పోయింది. అభిమానులను అడిగినోడు లేడు. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. పందిరి మనది, పెండ్లి వేరేటోళ్లది! వ్యాపారం కోసం వచ్చిన క్లబ్బు లాభం లేకుంటే పోతది. ఊరి మైదానంలో మొలిచిన జట్టును ఎవడూ ఎత్తుకపోలేడు.

ఆశ లేదా అంటే ఉంది. ఆ ఆశ పేరు గుగులోత్ సౌమ్య. మా నిజామాబాద్ జిల్లా బిడ్డ. దేశం మహిళల జట్టుకు ఆడుతూ క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు పోయివచ్చింది. 2024-25లో లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది. ఆ ఏడు దేశంలోనే ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డు అందుకుంది. ఈ మట్టిలో ఆటలేదన్నోళ్లకు ఆమె కాలే జవాబు. కాని ఇంత పెద్ద రాష్ట్రం ఒక్క సౌమ్యను చూపించి గర్వపడితే సరిపోతదా? ఆమె తర్వాత ఎవరు?

పల్లె పల్లెకు క్రీడా ప్రాంగణాలని 2022లో బోర్డులు పెట్టిన్రు. మంచిదే. కాని లెక్క చూడండి. అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడే ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడుగు, 68 మీటర్ల వెడల్పు. అంటే ఎకరా ముప్పై గుంటలు. ఊరవతల అర ఎకరం బీడులో ఒక బోర్డు, రెండు ఇనుప కడ్డీలు పాతితే జట్టు తయారు కాదు.

అందుకే అడగాల్సినవి సూటిగా అడగాలె. మండలానికి ఒక నిండు మైదానం, దానికి నీళ్లు, కాపలా. ప్రతి ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు. ఏటా ఆగకుండా జిల్లా లీగ్, అమ్మాయిలకు వేరుగా. పోలీసు, కరెంటు, ఆర్టీసీ శాఖల్లో ఆటగాళ్లకు కొలువులు, ఆ శాఖల పేరు మీద జట్లు. రహీం సాబ్ కాలంలో నడిచిన పద్ధతే ఇది. కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు.

విద్యార్థులారా, మీ కాలేజీ మైదానంలో కార్లు పార్కింగ్ చేస్తుంటే ప్రిన్సిపాల్‌ను నిలదీయండి. ఉద్యోగ సోదరులారా, మీ సంఘం డిమాండ్ల పత్రంలో డీఏ, పీఆర్సీలతో పాటు శాఖ జట్టు అన్న ఒక లైను చేర్చండి. సర్పంచులారా, ఊరి గ్రౌండ్ జాగా పహాణీలో ఎవరి పేరు మీద ఉందో రేపే పోయి చూడండి. మైదానం నిలబడితే ఆట నిలబడుతది. ఆట నిలబడితే మన పిల్లలు టీవీ ముందటి నుంచి లేచి టీవీలోకి పోతరు.