బానెట్ ఎత్తి చూశారా?

ఎండాకాలం వస్తే గుంటూరు, ఒంగోలు పట్టణాల్లో కారు ఏసీ మెకానిక్‌లకు ఊపిరి సలపదు. రెంటచింతల ఎండ పేపర్లో రోజూ కనిపించే రోజులవి. ఇంట్లో ఉన్న పాత కారు చల్లబడటం లేదని ఎవరైనా అనగానే వినిపించే మాట ఒకటే: ‘గ్యాస్ అయిపోయి ఉంటుంది, కొట్టించండి’.

ఈసారి ఆ మాట దగ్గర కాస్త ఆగండి. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. ఏటా నింపించాల్సి వస్తోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. దాన్ని పట్టుకోకుండా గ్యాస్ కొట్టించడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఉద్యోగాల పేజీలో కారు ఏసీ గొడవ ఏమిటంటారా? ఇంటర్వ్యూల్లో ‘ప్రాబ్లం సాల్వింగ్’ అని అడిగేది సరిగ్గా ఈ పనినే. లక్షణం చూడటం, కారణాలు ఊహించడం, ఖర్చు లేని వాటితో మొదలుపెట్టి ఒక్కోదాన్నీ కొట్టేసుకుంటూ పోవడం. దీన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేం. ఒక్కసారైనా చేతులకు మట్టి అంటాలి.

మెకానికల్ విద్యార్థులు కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, ఎవాపరేటర్ బొమ్మను పరీక్షలో గీసే ఉంటారు. అదే బొమ్మ మీ కారులో ఉంది. గుంటూరు మిర్చి యార్డుకు వచ్చిన సరుకును దాచే కోల్డ్ స్టోరేజీల్లోనూ ఉంది. ఎండుమిర్చి రంగు, ఘాటు నెలల తరబడి చెడకుండా ఉంటున్నాయంటే ఆ యంత్రాల వల్లే. పెద్ద కోల్డ్ స్టోరేజీల్లో ఎక్కువగా అమ్మోనియా వాడతారు, కార్లలో ఎక్కువగా ఆర్-134ఏ. సూత్రం మాత్రం ఒకటే.

ఇక పనిలోకి దిగుదాం. ముందు కారు మాన్యువల్ తీయండి. ఏసీ వేసినా గాలే సరిగా రావడం లేదా? అయితే క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో అది గ్లోవ్ బాక్స్ వెనక ఉంటుంది. మన దుమ్ము రోడ్ల మీద అది తొందరగా మూసుకుపోతుంది. గాలి బాగా వస్తోంది, కారు నడుస్తుంటే చల్లగానే ఉంది, ఆగితేనే వేడెక్కుతోందా? రేడియేటర్ ముందున్న కండెన్సర్‌నూ, ఫ్యాన్‌నూ అనుమానించండి. రేకుల మధ్య దుమ్ము, పత్తి నూగు, పురుగులు ఇరుక్కుని ఉంటే ఇంజిన్ ఆపి, చల్లారాక, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగండి. రేకులు సున్నితం, వంగిపోతాయి జాగ్రత్త.

అసలు చల్లదనమే లేదా? ఏసీ ఫ్యూజు చూడండి. క్లచ్ ఉన్న కంప్రెసరైతే, ఏసీ వేయగానే దాని ముందున్న పళ్లెం తిరగాలి. దూరం నుంచే గమనించండి, బెల్టు దగ్గరికి చెయ్యి పోనివ్వకండి. ఇంజిన్ ఆపేశాక, పైపుల జాయింట్ల దగ్గర నూనె జిడ్డు ఉందేమో చూడండి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది కాబట్టి, జిడ్డు కనిపించిన చోట లీకు ఉండే అవకాశం ఎక్కువ.

ఇక్కడితో మీ పని ఆపాలి. గ్యాస్ జోలికి వెళ్లొద్దు. ఆర్-134ఏ బయటి గాలిలోకి రాగానే మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు. దాన్ని గాల్లోకి వదలడమూ తప్పే. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. లీకు సరిచేసి, వాక్యూమ్ పంపుతో గాలి, తేమ లాగేసి, కంపెనీ చెప్పిన తూకం ప్రకారం గ్యాస్ నింపడం గేజ్‌లు, శిక్షణ ఉన్న మెకానిక్ పని. కారు అక్కడికి తీసుకెళ్లినప్పుడు బయట కూర్చోకండి. అడిగి పక్కన నిలబడండి, గేజ్ ముల్లు ఏం చెబుతోందో కనుక్కోండి.

ఇంట్లో కారు లేదా? అయితే మీ వీధి మెకానిక్ దగ్గర సెలవుల్లో రెండు వారాలు పని నేర్చుకోండి. ‘ఇంజినీరింగ్ చదివి షెడ్డులో పనేంటి’ అనేవాళ్లు ఉంటారు. బొమ్మ గీయగలిగి బానెట్ ఎత్తని వాళ్లు ఒకవైపు, రోజూ బానెట్ ఎత్తుతూ ఆ బొమ్మ ఎందుకో తెలియని వాళ్లు మరోవైపు. రెండూ తెలిసినవాళ్లకు విలువ ఎక్కువ.

అవకాశాల సంగతికొస్తే, కేంద్రం 2019లో ప్రకటించిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ 2022-23 నాటికి లక్ష మంది సర్వీసింగ్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. పదో తరగతి పాసైనవాళ్లకు ఐటీఐల్లో రిఫ్రిజిరేషన్, ఏసీ ట్రేడ్ రెండేళ్ల కోర్సుగా ఉంది. ఎలక్ట్రిక్ కార్లు వచ్చినా ఈ పని పోదు. వాటిలో చాలావరకు బ్యాటరీని చల్లబరచడానికి కూడా ఇదే వ్యవస్థ సాయపడుతుంది. కాకపోతే అక్కడ కంప్రెసర్ హైవోల్టేజ్ కరెంటుతో నడుస్తుంది. నారింజ రంగు కేబుళ్లను శిక్షణ లేకుండా ముట్టుకోకూడదు.

ఒక్క ఫిల్టర్ మార్చినంత మాత్రాన ఎవరూ టెక్నీషియన్ అయిపోరు. కానీ చేసింది ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి: ఏ లక్షణం చూశారు, ఏం అనుమానించారు, ఎలా పరీక్షించారు, ఎక్కడ ఆపి మెకానిక్‌కు అప్పగించారు, చివరికి అతను ఏం తేల్చాడు. ‘మీరు సొంతంగా పరిష్కరించిన సమస్య ఒకటి చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగితే ఆ పేజీలోది ఉన్నదున్నట్టు చెప్పండి. ఎక్కడ ఆపారో చెప్పడం మరిచిపోవద్దు. తన పరిధి తెలిసిన కుర్రాడికి, అమ్మాయికి యంత్రం అప్పగించడానికి ఏ యజమానీ భయపడడు.